తాతారావు తొట్టి కంటే జానెడు పెద్దది

కొండగోడ మీద రాత: ఒకటి

పన్నెండేళ్ల కిందట, పెద్ద గాలివాన కొట్టిన మధ్యాహ్నం, నేను తలుపు తడితే గరికిన తాతారావు తీయలేదు. ఈ సంగతి కొండ మీద అందరికీ తెలుసు. అయినా మళ్లీ రాస్తున్నాను. విసుగొచ్చినవాళ్లు పక్కకు తిరిగి పోవచ్చు.

నా పేరు మైలపల్లి కొర్లయ్య. రెండో తరగతిలో బడి మానేసి పడవెక్కాను. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. మామూలు ఇంటి పగడాల తొట్టికి మించి ఎవరు కట్టినా, రోజూ జరిగేది ఈ గోడ మీద రాయాలని సంఘం నియమం పెట్టింది. తొట్టికి కాలేది అందరి కరెంటు. అడ్డు చెప్పదలచినవాళ్లు చదివి చెప్పాలి. నేను కట్టేది పెద్ద తొట్టి. పొడవులో తాతారావు దాని కంటే జానెడు ఎక్కువ. రెండు జానలు కట్టగలను. జానెడు చాలు కాబట్టి జానెడే కడుతున్నాను.

చిన్నవాళ్లకు తెలియదేమో, చెబుతాను. సముద్రం ఉడికి పగడాలు తెల్లబడి చస్తున్న ఏడు, చివరిసారి పడవలు వెళ్లినప్పుడు, మా అయ్యా నేనూ పగడాల తల్లిదిబ్బను తడి గోనెలో కట్టి వీపున మోసి ఈ కొండెక్కించాం. ఇవాళ మీ ఇళ్ల తొట్లలో ఊగే ప్రతి పగడపు కొమ్మా దాని నుంచి కోసిందే. దిబ్బల్ని సాకుతామన్న మాట మీదే మనల్ని ఈ కొండ మీద ఉండనిచ్చారు. ఆ తల్లి నా ఇంట్లో ఉండేది.

గాలివానకు కొండంతా కరెంటు పోయింది. అలల యంత్రం ఆగింది. నీళ్లు కదలకపోతే పగడానికి ఊపిరాడదు. నా నీళ్లు చెడి నురగ కక్కాయి. తొట్టి చస్తున్నవాడు ఏ తలుపు తడితే ఆ ఇల్లు తన తొట్టి నీళ్లలో సగం ఇచ్చి తీరాలి. అది మన ఆచారం. నేను నా తోడబుట్టిన అప్ప పోలమ్మ మొగుడు తాతారావు తలుపు తట్టాను. లోపల మనిషి అలికిడి ఉంది. గడియ చప్పుడు విన్నాను. తీసిన చప్పుడు కాదు, వేసిన చప్పుడు.

తల్లిదిబ్బలో సగం రాయి అయిపోయింది. బతికిన సగాన్ని సంఘం పట్టుకెళ్లి, నా తొట్టి తర్వాత పెద్దదైన తాతారావు తొట్టిలో పెట్టింది. కొండ మీద పెద్ద తొట్టి ఎవరిదో తల్లి వాళ్ల దగ్గరుండాలి. అదీ నియమమే. ‘తలుపు వేసిందెవరు?’ అని సంఘం అడిగితే తాతారావు ‘నేనే’ అన్నాడు. శిక్ష ఏమిటంటే, అప్పటి నుంచి సంఘం కూర్చున్నప్పుడు అతను చాప మీద కూర్చోకూడదు, గుమ్మం బయట నిలబడాలి. నాకది చాలలేదు. నా దిబ్బ నాకు రావాలి.

రెండు

ఇవాళ సామాను గురించి ఆలోచించాను.

అద్దం దొరికింది. కింద మునిగిన ఊళ్లో బట్టల దుకాణాల ముందు ఉండే పెద్ద అద్దాలు, రెండేసి కలిపి అంటించాలి. నీళ్లు నిండాక తోసే బలం తక్కువేం కాదు. అద్దం పగిలితే నా పక్కింటి పాపారావు మంచం ముందు కొట్టుకుపోతుంది. అతను సంగతి పసిగట్టి పొద్దున్నే వచ్చాడు.

“మావా, ఇంత తొట్టి పెడితే నువ్వెక్కడ తొంగుంటావు?”

“తొట్టి కింద.”

“కింద ఇంకో తొట్టి పెడతానంటన్నావు గదా?”

“అయితే ఆ రెండిటి మధ్యన.”

“నీకు తాతారావు మావఁయ్య మీద కోపమా, మంచం మీద కోపమా?” అన్నాడు. నవ్వాడు. నేను నవ్వలేదు.

పడకగది అడ్డగోడ కొట్టించేశాను. తొట్టిని నేరుగా కొండరాతి మీదే నిలబెడతాను. కింది తొట్టి సంగతి వివరంగా రాస్తాను, కట్టబోయేవాళ్లకు పనికొస్తుంది. పైతొట్టి నీళ్లు అంచు మీంచి పొర్లి గొట్టంలో కిందికి దిగుతాయి. అక్కడ నురుగు యంత్రం మురికిని నురగగా పైకి లాగి పారేస్తుంది. శుభ్రమైన నీళ్లను మోటారు మళ్లీ పైకి తోస్తుంది. మోటారు ఆగితే పైనున్న నీళ్లు కొన్ని కిందికి దిగిపోతాయి. వాటికి కింద చోటు ఉంచాలి. తాతారావు ఉంచలేదు. కరెంటు వంతు తప్పినప్పుడల్లా మా అప్ప చీపురు పట్టుకుని ఇంట్లో నీళ్లు తోస్తుందని విన్నాను. పెద్ద తొట్టి కట్టినవాడికి కింది తొట్టి పెద్దది కట్టడానికి ఒళ్లు వంగలేదు.

అలల యంత్రాలు రెండు. ఒకటి ఇటు తోస్తే ఒకటి అటు. మోటార్లు రెండు. ఒకటి పని చేస్తుంటే ఒకటి పక్కన నిద్రపోవాలి. బ్యాటరీ అన్నిటికంటే ముందు కొన్నాను. గాలివాన మళ్లీ వస్తే నేను ఎవరి తలుపూ తట్టను.

మూడు

అద్దాలు నిలిచాయి. కారడం లేదు.

దీపాలు నీలివి, తెల్లవి తెచ్చాను. పగడానికి తిండి చాలావరకు వెలుతురులోనే ఉంది. చల్లబరిచే పెట్టె మాత్రం కొనలేదు. అది కరెంటు తాగుతుంది, దాన్ని చూపించి ఎవడో అడ్డు చెబుతాడు. దానికి బదులు గొట్టాన్ని చుట్టలుగా చుట్టి ఇంటి వెనక కొండ చీలికలో పాతించాను. లోపల రాయి ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. నీళ్లు అటు తిరిగి వస్తాయి.

మధ్యాహ్నం సంఘం కొలతల మనిషి కదిరి లోవకుమారి వచ్చింది. టేపు పెట్టి కొలిచి, “జానెడు ఎక్కువే తాతా,” అంది. చేతిలో మూతకట్టిన బిందె ఉంది.

“అదేటి?”

“తాతారావుగారి తొట్టి నీళ్లు. కొత్త తొట్టికి పాత నీళ్లు పడితేనే ప్రాణం వస్తాది గదా. బామ్మర్దికి ఇమ్మన్నారు.”

నాకు ఒళ్లు మండింది. మీలో సగం మందికి ఎందుకో తెలుసు. ఎవరి నీళ్లు తీసుకుంటే ఆ ఇంటి దిబ్బ మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ బిందె నా తొట్టిలో పోసిన క్షణం తల్లి మీద నా హక్కు పోతుంది. పన్నెండేళ్ల కిందట సగం నీళ్లు ఇవ్వనివాడు ఇవాళ బిందెడు పంపాడు.

“దించు,” అన్నాను. దించింది. ఎత్తుకెళ్లి గుమ్మం మెట్ల మీద పోశాను. ఎండకు అప్పుడే ఉప్పు మరకలు కట్టాయి.

లోవకుమారి మెట్ల వైపు చూసింది. “తాతా, ఈ పన్నెండేళ్లలో ఈ కొండ మీద ఏ ఇంటి తొట్టి అయినా ఆయన నీళ్లతోనే మొదలయింది. మరి నీ తొట్టికి నీళ్లెక్కడివి?”

“పుట్టిస్తాను.”

“పుడతాయా?”

“సముద్రానికి ఎవరిచ్చారే బిందెడు నీళ్లు?”

బిందె పట్టుకుని పోయింది. మెట్ల మీద కాలు జారబోయి తిట్టుకుంది, నన్నో తాతారావునో తెలియదు.

నాలుగు

నీళ్లు పుట్టించే పద్ధతి మా అయ్య చెప్పిందే. ఉప్పునీళ్లు కలిపి, రాళ్లు పేర్చి, అందులో చచ్చిన రొయ్యలు వెయ్యాలి. అవి కుళ్లితే విషం పుడుతుంది. ఆ విషాన్ని తినే కంటికి కనబడని పురుగు రాళ్లలో తనంతట తానే చేరుతుంది. ఓపిక పట్టాలి. విషం మొత్తం తినేశాక నీళ్లు తేటపడతాయి. అప్పటికి ఆ నీళ్లకు ప్రాణం వచ్చినట్టు. వాటిని ఎవరి దగ్గరా తీసుకోలేదు కాబట్టి ఎవరికీ తల వంచక్కర్లేదు.

లోతట్టు చెరువుల రొయ్యలు గంపెడు తెప్పించి వేశాను.

వాసన వస్తోంది. వస్తుంది. పాపారావు ముక్కుకు తువ్వాలు కట్టుకుని గోడ మీంచి తొంగి చూశాడు.

“మావా, లోపల నువ్వు బతికే ఉన్నావా? సూసి రమ్మని మా ఆడది పంపింది.”

“బతికే ఉన్నాను.”

“అయితే ఈ కంపు దేనిది?”

“నీ మావఁయ్య పరువుది. ఇప్పుడిప్పుడే కుళ్తంది.”

గోడ మీద ఎవరో అడ్డు రాశారు, ‘కొర్లయ్య తొట్టి వల్ల వీధిలో అన్నం తినలేకపోతున్నాం’ అని. పేరు రాయలేదు. పేరు రాసే ధైర్యం ఉంటే నేను జవాబు రాస్తాను. అప్పటిదాకా కిటికీలు వేసుకుని తినండి.

ఐదు

వాసన తగ్గింది. నీళ్లు తేటపడ్డాయి. లోపలి రాళ్ల మీద గోధుమరంగు పొర కట్టింది. అది మంచి గుర్తు.

గుల్లలు కాల్చి సున్నం చేశాను. సున్నం కలిపిన నీళ్ల మీది తేట బొట్టు బొట్టుగా పడేలా గొట్టం కట్టాను. పగడం ఎముక పెంచుకోవడానికి సున్నం కావాలి. బజారు డబ్బాల్లో దొరికే పొడి వద్దు. ఎండకు ఆవిరైనంత మేరకు మంచినీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. ఆవిరయ్యేది నీరు, ఉప్పు కాదు. ఈ చిన్న సంగతి తెలియక తొట్లు చంపుకున్నవాళ్లు ఈ వీధిలోనే ఉన్నారు.

లోవకుమారి పరీక్ష నత్తలు తెచ్చి వదిలింది. పక్షం రోజులు అవి అద్దం ఎక్కి తిరిగితే తొట్టి నెగ్గినట్టు.

మూడో నాటికి అన్నీ అడుగున పడి ఉన్నాయి. మూతలు బిగించుకుని కొన్ని, మూతలు ఊడి కొన్ని. ఒక్కటీ తిరగలేదు.

లోవకుమారి సంచిలోంచి ఉప్పు కొలిచే గాజుగొట్టం తీసింది. నేను అడ్డుపడ్డాను. మా వాళ్లలో నాలుకతో ఉప్పు చూడలేనివాణ్ణి పడవెక్కించరు. నా చిన్నప్పుడు కళ్లకు గుడ్డకట్టి నాలుక మీద నీళ్లబొట్టు వేస్తే, అది ఏటి నోటి దగ్గరిదో నడిసముద్రానిదో చెప్పినవాణ్ణి. నా తొట్టిలో గాజుగొట్టం ముంచనివ్వను.

“కార్తీక పౌర్ణమికి చివరి పరీక్ష తాతా. అప్పుడూ ఇలాగే ఉంటే సంఘం తొట్టి పగలగొట్టిస్తాది. కరెంటు వంతు తీసేస్తాది,” అంది.

పక్క వీధిలో తాతారావు నవ్వుకుంటున్నాడేమో. నవ్వుకోనీ. నీళ్లలో ఏం తప్పుందో నాకు తెలియడం లేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ గోడ మీద అబద్ధం రాయను.

ఆరు

మా అప్ప వచ్చింది.

పన్నెండేళ్లలో ఆమె నా గుమ్మం తొక్కలేదు, నేను ఆమె గుమ్మం తొక్కలేదు. వీధిలో ఎదురుపడితే నేను మేకల్ని చూసేవాణ్ణి. ఇవాళ పొద్దున కర్ర పట్టుకుని వచ్చి, మెట్ల మీది ఉప్పు మరకల్ని చూసి, కాలుతో గీకి, లోపలికొచ్చింది. తొట్టిలో వేలు ముంచి నోట్లో పెట్టుకుని వెంటనే తుపుక్కున ఉమ్మింది.

“ఏటిరా ఇది? సముద్రం సేసినావా, ఆవకాయ ఊట సేసినావా?”

“సరిగ్గానే ఉన్నాది. నాను సూసినాను.”

“దేంతో సూసినావు?”

“నాలుకతో.”

“నీకింకా నాలుకున్నాదనుకుంటన్నావా? ఏదీ, నోరు తెరు.”

ఎనభై ఏళ్లు దగ్గరపడిన ఆడది నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది. నాకంటే నాలుగేళ్లు పెద్దది. నేను నోరు తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు.

“పడవ మీద సుట్ట తడీకుండా అడ్డపొగ తాగడం నేర్సినావు. నిప్పు లోపలెట్టి కాల్చీ కాల్చీ నాలుక తోలు సేసుకున్నావు. దాని మీద ఉప్పుమూట బోర్లించినా నీకు చప్పగానే ఉంటాది.”

“నీకు మాత్రం లేదా అడ్డపొగ?”

“నేను మానీసినాను. ఎప్పుడు మానీసినానో నీకెవులు సెప్తారు, నువ్వు మొకమే సూడవు గదా!”

కొంగు ముడిలోంచి గాజుగొట్టం తీసి నీళ్లలో వదిలింది. అది గీత మీద ఎక్కడో తేలింది. ఎక్కడ తేలాలో ఆమె వేలుతో చూపించింది. రెండిటికీ చాలా దూరం. నేనే నత్తల్ని ఉప్పులో ఊరబెట్టాను.

“బక్కెట్ తే. సగం తీసి మంచినీళ్లు పొయ్యి. ఒకేసారి పొయ్యకు, మిగిలినవి సచ్చిపోతాయి. కొంచెం కొంచెం,” అంది.

“నీ మొగుడే పంపాడా?”

“నా మొగుడు పంపితే బిందెతో వస్తాను. గాజుతో వచ్చినాను. కళ్లు కనబడ్డం లేదా?”

నీళ్లు ఆమెవి కాదు, ఆమె ఇంటివీ కాదు. నా బావి నీళ్లే పోశాం. ఎవరైనా అడ్డు రాస్తారేమోనని ముందే చెబుతున్నాను. గాజుగొట్టం అప్పుగా ఉంచి వెళ్లింది. ఈసారి అది ముంచనిచ్చాను.

ఏడు

నత్తలు అద్దం ఎక్కాయి. లోవకుమారి చిన్న పగడపు కొమ్మ కూడా పెట్టి చూసింది. పొద్దున్న ముడుచుకుంది, మధ్యాహ్నానికి వేళ్లు విప్పింది. పౌర్ణమి నాడు సంఘం వచ్చి చూడడం పేరుకే, తొట్టి నెగ్గినట్టేనని ఆమె నోటితోనే అంది. తల్లిదిబ్బను మోయడానికి గోనెలు తడిపి ఉంచమంది.

నేను బజారుకు వెళ్లి కొత్త గోనెలు కొన్నాను. వచ్చేసరికి మా అప్ప అరుగు మీద కూర్చుని ఉంది.

“అయితే పట్టుకుపోతావు.”

“పట్టుకుపోతాను. నీ మొగుణ్ణి నాలుగు వీధుల జనం ముందు ఖాళీ తొట్టి పక్కన నిలబెడతాను. ఇన్నాళ్లూ గుమ్మం బయట నిల్చున్నాడు, ఇప్పుడు ఇంట్లో నిలబడతాడు.”

ఆమె కర్రను అరుగుకు ఆనించింది. తర్వాత అంది.

“ఆ రోజు గడియ ఏసింది నేన్రా.”

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది.

“ఆయన ఇంట్లో లేడు. కింద బడిలో పిల్లలు ఇరుక్కుంటే తీసుకురాడానికెల్లాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. కరెంటు లేదు, సెంబుతో నీళ్లెత్తి పోస్తన్నాను. అలా పోస్తంటేనే గదా వాటికి ఊపిరి. నా తొట్టిలో కొండ మీది అన్నిళ్ల కొమ్మలూ ఉన్నాయి, పెంచమని నాకే ఇచ్చేవోరు అప్పుడు. సగం నీళ్లు నీకిస్తే నా దాంట్లో సచ్చేవి, నీ దాంట్లోనూ బతకవు. నీ నీళ్లు అప్పటికే సెడిపోనాయి. తలుపు మీద సెయ్యేసినాను. నువ్వు ‘అప్పా’ అన్నావు. గడియ ఏసినాను.”

“నోటితో సెప్పొచ్చు గదా! కిటికీ తెరిచి ఒక్క మాట!”

“సెప్తే తలుపు పగలగొట్టీవోడివి.”

“పగలగొట్టీవోణ్ణే!”

“అదే మరి.”

ఆమె ఏడవలేదు. తప్పయిందని కూడా అనలేదు. సంఘంలో తనే చెబుతానని లేచేసరికి తాతారావు ముందు లేచి ‘నేనే’ అన్నాడట. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు అడిగినా చెప్పనివ్వలేదట. ఇవాళ అతనికి తెలియకుండా వచ్చింది.

“గోడ మీద రాస్తావా?” అంది.

“రాస్తాను.”

“రాయి. నన్నూ గుమ్మం బయట నిలబెడతారు, అంతే గదా. నాకు చాప మీద కూర్చుంటే ఎలాగూ మోకాళ్లు లెగవు.”

కర్ర పట్టుకుని వెళ్లిపోయింది. గోనెలు అరుగు మీదే ఉన్నాయి.

ఎనిమిది

రాశాను. చదివారు. పొద్దుటి నుంచి గోడ దగ్గర జనం. పాపారావు నా ఇంటివైపు రాకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. మా అప్పను ఏం చెయ్యాలో సంఘం తేల్చుకుంటుంది. ఆమె చేసింది తప్పో ఒప్పో నేను చెప్పను. నా దిబ్బలో సగం చచ్చింది, మీ అందరి కొమ్మలూ బతికాయి. రెండూ నిజమే. అందులో ఏది పెద్దదో కొలిచే గాజుగొట్టం నా దగ్గర లేదు.

నేను రాసేది ఇక తాతారావుకి.

ఒరే బావా. పన్నెండేళ్లు నిన్ను తిట్టాను. నిద్ర లేచి తిట్టాను, అన్నం ముందు తిట్టాను. నీ ఇంట్లో పెళ్లికి రాలేదు, చావుకి రాలేదు. వానలో నువ్వు సంఘం గుమ్మం బయట తడుస్తుంటే లోపల కూర్చుని చూసి సంతోషించాను. ఈ తొట్టిలో ప్రతి అద్దం, ప్రతి గొట్టం నీ మీద కోపంతోనే బిగించాను. నిన్న తెలిసింది, అంత కోపమూ నేను తప్పు మనిషి మీద పెట్టుకుని మోశానని. మోయించింది నువ్వు. అప్ప గడియ వేసింది ఒక్క మధ్యాహ్నం. నువ్వు నన్ను మోసం చేసింది పన్నెండేళ్లు. ఒక మనిషి తన పగ ఎవరి మీదో కూడా తెలియకుండా ముసలివాడయ్యాడు. అది నువ్వు చేసిన పని. దానికి సంఘంలో శిక్ష లేదు. అందుకే నేనే అడుగుతున్నాను.

ఎందుకు ‘నేనే’ అన్నావు?

పెళ్లాం మీద ప్రేమ అని చెప్పకు. పెళ్లాం మీద ప్రేమ ఉన్నవాడు ఆమెకు తమ్ముణ్ణి లేకుండా చేస్తాడా? నా మీద జాలి అయితే అసలే చెప్పకు, ఆ మాట వింటే నేను ఏం చేస్తానో నాకే తెలియదు. బిందె ఎందుకు పంపావో కూడా చెప్పు. నన్ను కట్టెయ్యడానికో, మరి దేనికో.

తొట్టి తీసెయ్యను. అడ్డు రాసుకునేవాళ్లు రాసుకోండి. పౌర్ణమి నాడు సంఘం వస్తుంది. జానెడు ఎక్కువ ఉంది, నీళ్లు నావే, దిబ్బ నా ఇంటికి వస్తుంది. అది ఆగదు. నువ్వు జవాబు చెబితే అది నీ గుమ్మం నుంచి మనిద్దరి వీపుల మీదా వస్తుంది. చెప్పకపోతే కూలివాళ్ల వీపుల మీద వస్తుంది, నువ్వు చూస్తూ నిలబడతావు.

పౌర్ణమి ముందు రోజు, పొద్దుగూకేలోపు, నా గుమ్మం ముందుకు రా. గోడ మీద రాయడం కాదు, లోవకుమారితో కబురు పంపడం కాదు, మా అప్పను ముందు నడిపించడం కాదు. నువ్వే రావాలి. తలుపు తీసే ఉంటుంది.

ఈసారి నీళ్లు తేవద్దు. నోరు తెచ్చుకో.